మెరూన్ బ్యాచ్ శ్రీదుర్గ

జడ కోలాటంలో తాడు చేతికి తీసుకున్నాక మధ్యలో వదలడానికి వీల్లేదు. పందిరి నడుమ నుంచి పదహారు రంగుల తాళ్ళు వేలాడుతుంటాయి. పదహారుమంది ఆడవాళ్ళు ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కర్ర పట్టుకుంటారు. ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు, ఒకరిని లోపలికి వదిలి ఇంకొకరికి బయటగా తిరుగుతూంటే పైన జడ అల్లుకుంటూ కిందికి దిగుతుంది. అల్లిక పూర్తయ్యాక అవే అడుగులు వెనక్కి వేసుకుంటూ విప్పాలి. ఒక్కరు ఆగితే చాలు, చిక్కుపడుతుంది. అది పడితే నిచ్చెన తెప్పించి ఎక్కి విప్పుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

కిందటి కార్తీకమాసంలో కొండపల్లి దగ్గర ఒక గుడి ముందు జడ సగం అల్లి ఉండగా, శ్రీదుర్గకి కాళ్ళ మధ్య వెచ్చగా, ఒక్కసారిగా దిగినట్టయింది. అది ఆమెకి కొత్త కాదు. కానీ అంత ఎక్కువగా ఎప్పుడూ కాలేదు. ఆమే ఆ బృందానికి గురువు. అడుగు మారాల్సినప్పుడల్లా ఆమె నోట్లో విజిలు మోగాలి. చుట్టూ జనం, ఎదురుగా దేవుడు, చేతిలో తాడు. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయని పాటని బట్టి లెక్కేసుకుంది. తొమ్మిది నిమిషాలూ ఆడింది. విజిలు ఒక్కటి కూడా తప్పలేదు. ఆఖరి ముడి విడిపోయి తాళ్ళు పదహారూ విడివిడిగా వేలాడాక, తన తాడుని నెమ్మదిగా వదిలి, పక్కనున్న అమలమ్మతో "నన్ను పట్టుకో వదినా" అంది. అమలమ్మ పట్టుకునేలోపే పడిపోయింది.

ఈ సంగతి చెప్పేటప్పుడు కూడా శ్రీదుర్గ ముఖంలో బాధ కన్నా గర్వమే ఎక్కువగా కనిపించింది. జడ మాత్రం చిక్కుపడలేదండీ, అని రెండుసార్లు చెప్పింది నాతో.

ఆమెకి నలభై అయిదేళ్ళు. కాపురం ఇబ్రహీంపట్నంలో. భర్త చక్రి ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లు బాగుచేస్తాడు. ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. శ్రీదుర్గ పన్నెండేళ్ళుగా వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల కొట్టులో పనిచేస్తోంది. అక్కడ ఆమె చూసేది ప్రత్యేకంగా కోలాటం బృందాల పని. నాగాయలంక నుంచి, గుడివాడ నుంచి, కంకిపాడు నుంచి పదహారు మందీ ఇరవై నాలుగు మందీ గుంపులుగా వస్తారు. అందరికీ ఒకే చీర కావాలి. ఒకే డిజైను ఉంటే సరిపోదు, ఒకే లాటులో అద్దినవై ఉండాలి, లేకపోతే ఎండలో నిలబడినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఆ తేడా కొట్టులో ట్యూబులైటు కింద ఎవరికీ కనపడదు, శ్రీదుర్గకి కనపడుతుంది. చీరని గుమ్మం దాకా తీసుకెళ్ళి వెలుగులో పట్టుకుని, ఇది వేరే లాటు అని తీసి పక్కన పెట్టేస్తుంది. ఏ బృందం వచ్చినా చిలకాకుపచ్చో నిమ్మపండు రంగో కట్టుకోమని చెప్పి ఒప్పిస్తుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి కళగా ఉంటుందంటుంది.

తన బృందానికి మాత్రం మెరూన్. ఆరేళ్ళలో మూడుసార్లు చీరలు మార్చారు, మూడుసార్లూ మెరూనే. మొదట అమ్మవారికి ఇష్టమైన రంగంది. తర్వాత ఫోటోల్లో బాగా పడుతుందంది. మూడోసారి ఎవరూ అడగలేదు. అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాళ్ళని మెరూన్ బ్యాచ్ అని పిలవడం మొదలుపెట్టారు. అమలమ్మయితే గురువుగారికి అదేదో మొక్కు ఉందని అందరికీ చెప్పేది.

ఆస్పత్రిలో చూస్తే రక్తం ఆరు పాయింట్ నాలుగుంది. రెండు బాటిళ్ళు ఎక్కించారు. స్కానింగ్‌లో గర్భసంచిలో మూడు గడ్డలు కనిపించాయి. ఫైబ్రాయిడ్లు. అక్కడి డాక్టరు తల వంచి రిపోర్టు చూసి, తల ఎత్తకుండానే చెప్పేశారట, పిల్లలు ఇంక అక్కర్లేదు కాబట్టి సంచి తీసేద్దామని, డిసెంబరు పన్నెండు ఖాళీగా ఉందని. ఆ తర్వాత ఎన్నాళ్ళు ఆడకూడదని శ్రీదుర్గ అడిగింది. ఆయన కోలాటం అంటే ఏదో సరదా అనుకున్నారు. మూడు నెలలు గెంతడాలేమీ పెట్టుకోవద్దన్నారు.

మూడు నెలలంటే మార్చి నెల. పోటీ ఫిబ్రవరి రెండో ఆదివారం.

గుడివాడలో జరిగే ఆ పోటీకి ఆరేళ్ళుగా పేరు పంపుతున్నారు. ఆరేళ్ళుగా ఎంపిక కాలేదు. ఈసారి పన్నెండు బృందాలని తీసుకుంటే అందులో ఇబ్రహీంపట్నం ఉంది. ఆ కబురు ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చినప్పుడు శ్రీదుర్గ బస్సులో ఉంది. వన్ టౌన్ వచ్చేలోపు దాన్ని ఎనిమిదిసార్లు చదివిందట, తొమ్మిదోసారి పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకి చదివి వినిపించిందట. రావలసిందల్లా వచ్చాక, ఇప్పుడీ మూడు గడ్డలు. పేరు వెనక్కి తీసుకోవాలంటే డిసెంబరు ఆఖరులోగా చెప్పాలి.

ఇక్కడ ఆ బృందం పద్ధతి ఒకటి చెప్పాలి. పదహారుమంది ఆడవాళ్ళు ఒకచోట చేరితే ఏ మాటా తేలదని, మొదటి ఏడాదిలోనే శ్రీదుర్గ ఒక రూలు పెట్టింది. ఏ పాట నేర్చుకోవాలన్నా, ఏ ఊరి పిలుపు ఒప్పుకోవాలన్నా, చివరికి ప్రయాణంలో పులిహోర తీసుకెళ్ళాలా ఇడ్లీ తీసుకెళ్ళాలా అన్నా, కర్రలెత్తడమే. ఎత్తినవాళ్ళు ఔనన్నట్టు. ఎక్కువ కర్రలు ఎటుంటే అటు. ఎత్తిన కర్ర మళ్ళీ దించడానికి లేదు, సణుక్కోవడానికీ లేదు. గురువుకైనా అదే రూలు.

ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగో రోజున, వాళ్ళు సాధన చేసుకునే కమ్యూనిటీ హాలు ముందు చప్టా మీద అందరూ ఆమె చుట్టూ కూర్చున్నారు. ఆరోజు తేలిన సంగతి ఏమిటంటే, ఆ పదహారుమందిలో తొమ్మిదిమందికి గర్భసంచి లేదు. ఆరేళ్ళుగా కలిసి ఆడుతున్నారు, ఒకరి నడుంనొప్పి ఒకరికి తెలుసు, ఈ లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. తీయించుకుంటే హాయి అన్నారు కొందరు. అయ్యో అనుకోవడానికి అందులో ఇంకేముందన్నారు కొందరు. మాట్లాడి మాట్లాడి అలవాటు కొద్దీ ఎవరో అన్నారు, తీయించుకోవాలో వద్దో కర్రలెత్తుదామని. నవ్వుకుంటూనే ఎత్తారు. మొదటి కర్ర లేచింది వెంకటరత్నమ్మది. ఆమె అందరిలోకీ పెద్ద, అరవై రెండేళ్ళు, ఆమె ఎత్తితే మిగిలినవాళ్ళు ఎత్తుతారు. పదకొండు కర్రలు లేచాయి.

అలా ఒక మనిషి గర్భసంచి సంగతి, పులిహోరా ఇడ్లీలా అన్న సంగతి తేల్చినట్టే తేల్చేశారు. శ్రీదుర్గ కూడా నవ్వింది. రూలు తనదే కదా. ఆ సాయంత్రమే ఆస్పత్రికి ఫోన్ చేసి పన్నెండో తేదీ ఖాయం చేసేసింది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టులో చీరలు మడతపెడుతుంటే గుమ్మంలో వెంకటరత్నమ్మ కనిపించింది. ఆమె ఒంటరిగా వన్ టౌన్ రావడమే విశేషం. ఆ సందుల్లో తోపుడుబళ్ళూ ఆటోలూ అంటే ఆమెకి భయం. చెమటలు కక్కుతూ వచ్చి, చేతిసంచిలోంచి కోలాటం కర్ర ఒకటి తీసి, పరిచి ఉన్న చీరల మీద పెట్టింది.

"నిన్న ఎత్తిన కర్ర ఇవాళ దించేస్తున్నానే అమ్మాయ్."

"ఎత్తింది దించడం మన రూల్లో లేదు పిన్నీ."

"నీ రూలు నువ్వే మడిచి ఆ చీరల్లో పెట్టుకో. కూర్చో ముందు."

శ్రీదుర్గ కూర్చోలేదు. స్టూలు పిన్నిగారికి వేసి తను నిలబడింది. వెంకటరత్నమ్మ మంచినీళ్ళు తాగి, ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. తనకి ముప్పై ఒకటో ఏట కడుపునొప్పి వచ్చింది. అప్పుడు ఉన్నది దివిసీమ వైపు, ఉమ్మడి కుటుంబం. పక్క ఊళ్ళో ఒక నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళారు. అంతకుముందు వేసవిలో ఆడబిడ్డకి తీశారు, వానాకాలంలో తోడికోడలికి తీశారు, ఇప్పుడు ఈమె వంతు వచ్చినట్టు తీసేశారు.

"ఏం జబ్బని తీశారు పిన్నీ?"

"అదే తెలీదు. తీసింది ట్రేలో పెట్టి, బయట కూర్చున్న మీ బాబాయికి చూపించారంట. ఎలా ఉందండీ అని అడిగితే, నేను తల తిప్పుకున్నాను అన్నాడు. ఆయన చూళ్ళేదు. నాకెవరూ చూపించలేదు."

ఆ మరుసటి నెల నుంచే ఒళ్ళంతా ఆవిర్లు. చలికాలంలో తడిగుడ్డ కప్పుకుని పడుకునేది. యాభై దాటకుండానే బాత్రూంలో జారి మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు పాత కాగితాలు తెప్పించి చూసి, సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారమ్మా, మీకు చెప్పలేదా అని అడిగాడు. చెప్పలేదు. అడగాలని ఈమెకి తెలియదు.

"నువ్వు తీయించుకుంటే వద్దననే అమ్మాయ్. మన అమలమ్మ తీయించుకుని సుఖంగా లేదూ. దాని గడ్డ కొబ్బరికాయంత ఉంది, తీయక తప్పలా. నీదేంటో, ఎంతుందో, ఎక్కడుందో కనుక్కో. దేనికి తీస్తున్నారో నీకు తెలియాలి. నాకు కర్రెత్తే ముందు అదొక్కటీ నోటికి రాలా."

వెళుతూ వెళుతూ కర్ర మాత్రం మళ్ళీ సంచిలో పెట్టుకుంది. జత విడిపోతే ఎలా, అంది.

ఆ సాయంత్రం శ్రీదుర్గ ఈ మాటలన్నీ భర్తకి చెప్పింది. చక్రి తక్కువ మాట్లాడే మనిషి. చేతులకి పట్టిన నల్లమసి సబ్బుతో రుద్దుకుంటూ విన్నాడు. విన్నాక, "లారీ ఇంజనే ఒక్క మేస్త్రీ మాట మీద దించం. ఇంకోచోట చూపిద్దాం" అన్నాడు. అని, స్కానింగ్ ఫిల్ము తీసి కిటికీ వెలుగుకి పట్టుకుని, రేడియేటరులో కారుతున్న చోటు వెతికినట్టు కిందికీ పైకీ తిప్పి చూశాడట. ఏమీ అర్థంకాక, మంచి డాక్టరెవరో మా యజమాని భార్యని అడుగుతానన్నాడు.

అలా వాళ్ళు సూర్యారావుపేటలో డాక్టర్ నుస్రత్ దగ్గరికి వెళ్ళారు. యాభై ఏళ్ళ మనిషి, గొంతు చిన్నది. శ్రీదుర్గ నాకు ఈ భాగం చెప్పేటప్పుడు కుర్చీ ముందుకి జరుపుకుని చెప్పింది. ఆవిడ నా మొహం చూసి మాట్లాడిందండీ, అంది. నెలకి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, రక్తం గడ్డలు గడ్డలుగా పడుతుందా, అన్నీ అడిగింది. ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగినప్పుడు మాత్రం శ్రీదుర్గ తల దించుకుంది. ప్రోగ్రాం ఉన్నప్పుడల్లా మెడికల్ షాపులో నెలసరి వాయిదా వేసే బిళ్ళలు కొనుక్కుని వేసుకునేది. గుడి దగ్గర ఆడాలంటే తప్పదు కదా. కిందటేడాది పదకొండుసార్లు వేసుకుంది. కొండపల్లి రోజు కూడా వేసుకునే వెళ్ళింది, అయినా ఆగలేదు. డాక్టరు తిట్టలేదు. ఇక ముందు నాకు చెప్పకుండా వేసుకోకండి, అని రాసుకుంది.

తర్వాత మళ్ళీ తనే స్కానింగ్ చేసి, కాగితం వెనకవైపు బొమ్మ గీసింది. తలకిందులుగా పెట్టిన చిన్న సొరకాయ బుర్రలాంటిది గర్భసంచి. రెండు గడ్డలు దాని గోడలో ఉన్నాయి, చిన్నవి, అవి పెద్దగా బాధపెట్టేవి కావు. మూడోది సంచి లోపలికి వేలాడుతోంది, మూడు సెంటీమీటర్లు. రక్తం ఇంత పోవడానికి చాలా మటుకు కారణం అదేనంది. ఇన్నేళ్ళూ కడుపంతా చెడిపోయిందనుకుంటున్న శ్రీదుర్గకి, దొంగ ఒక్కడేనని, వాడి ఇల్లు ఫలానా అని చెప్పినట్టయింది.

అప్పుడు డాక్టరు ఒక్కొక్క దారీ చెప్పుకుంటూ వచ్చింది. నెలసరి ఆగిపోయే వయసు వచ్చేదాకా ఓపికపడితే గడ్డలు వాటంతటవే కుంచించుకుపోతాయి, కానీ అది ఇంకో ఐదారేళ్ళు పట్టొచ్చు, ఈ రక్తంతో అన్నాళ్ళు ఆగలేరు. రక్తం తగ్గించే మాత్రలున్నాయి, అవి కొన్నాళ్ళకే. లోపల పెట్టే హార్మోను లూపు చాలామందికి పనిచేస్తుంది, మీకు లోపల గడ్డ వేలాడుతోంది కాబట్టి లూపు జారిపోవచ్చు. గడ్డకి రక్తం అందించే నాళాన్ని మూసేసే పద్ధతి కూడా ఉంది, దానికి పెద్దాస్పత్రిలో వేరే డాక్టరుండాలి. పొట్ట కోయకుండా కింది నుంచి కెమెరా పంపి ఆ ఒక్క గడ్డనీ తీయొచ్చు, మర్నాడు ఇంటికెళ్ళొచ్చు, అయితే గోడలో రెండూ ఉండిపోతాయి, ముందు ముందు పెరిగితే మళ్ళీ రావాలి. సంచి మొత్తం తీసేస్తే ఇక ఈ బాధే ఉండదు, అండాశయాలు ఉంచేసే తీయొచ్చు, కానీ పెద్ద ఆపరేషను, కోలుకోవడానికి రెండు నెలలు.

"వీటిల్లో తప్పయిందేదీ లేదు దుర్గగారూ. మీకేం కావాలో మీరు చెప్పండి."

ఆ ప్రశ్న తననెవరూ అంతవరకూ అడగలేదని శ్రీదుర్గకి అప్పుడే తెలిసింది. చక్రి వైపు చూసింది. అతను బొమ్మ వైపు చూస్తున్నాడు.

"ఫిబ్రవరిలో గుడివాడలో ఇరవై రెండు నిమిషాలు తాడు వదలకుండా ఆడాలండీ," అంది. "తర్వాత సంగతి తర్వాత చూసుకుంటాను."

డాక్టరు నవ్వలేదు. కేలెండరు తిప్పింది. ముందు రక్తం పెరగాలి, దానికి ఐరను ఇంజెక్షన్లు. లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపాలి, ఈ వయసులో అది చూడకుండా ముందుకు వెళ్ళకూడదు. ఆ రిపోర్టులో ఏదైనా తేడా ఉంటే మాత్రం సంచి తీయాల్సిందే, పోటీ మాట మర్చిపోవాలి. బాగుంటే జనవరి మొదటి వారంలో గడ్డ తీసేస్తానంది. రిపోర్టుకి పది రోజులు.

పన్నెండో తేదీ రద్దు చేసి, శ్రీదుర్గ ఆ వారమే చప్టా దగ్గరికి వెళ్ళింది. సొరకాయ బొమ్మ కాగితం కూడా తీసుకెళ్ళింది. అందరూ దాని మీద పడ్డారు. నా గడ్డ ఎక్కడుండేదో, నాది ఇక్కడే అయ్యుంటుంది, అంటూ ఒకరి తలల మీంచి ఒకరు వేలు పెట్టి చూపించుకున్నారు. తీయించుకున్నవాళ్ళలో నలుగురికి ఎందుకు తీశారో బాగా తెలుసు. ఐదుగురికి తెలియదు. ఆ ఐదుగురూ ఇళ్ళకి వెళ్ళి పాత ఫైళ్ళు వెతుకుతామన్నారు. గోల గోలగా ఉంది. సరే ఇప్పుడు మళ్ళీ కర్రలెత్తుదామా అంది అమలమ్మ.

"ఇది కర్రలెత్తేది కాదు వదినా," అంది శ్రీదుర్గ. "నేను తేల్చుకున్నాను. ఇంకోటి కూడా చెప్పాలి మీకు. మెరూన్ చీర అమ్మవారి కోసం కాదు. మరక పడితే కనపడదని."

ఆమె మిగిలిందంతా కూడా చెప్పేసింది. ఆరేళ్ళుగా బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళుతున్నానంది. ప్రోగ్రాంకి వెళ్ళినచోట కుర్చీ వేస్తే ముందు తువ్వాలు మడిచి పరుచుకుంటానంది. లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి కుర్చీ చూసుకుంటానంది. ముందు అమలమ్మే అందుకుంది.

"అంటే ఆరేళ్ళుగా నీ ఒక్కదాని కోసం పదిహేనుమందిమి ఆ దిక్కుమాలిన రంగు కట్టుకు తిరుగుతున్నాం. నేనేమో మొక్కు మొక్కు అని ఊరంతా చాటింపు వేశాను. ఇప్పుడా అమ్మవారికి ఏం సమాధానం చెప్పుకోవాలే నేను?"

నవ్వితే మళ్ళీ ఎక్కడ రక్తం పడుతుందోనని శ్రీదుర్గ పొట్ట పట్టుకుని నవ్విందట.

సాధన ఆపడానికి లేదు. కానీ జడకి పదహారో మనిషి కావాలి. శ్రీదుర్గ కుర్చీలో కూర్చుని విజిలు వేయగలదు, తిరగలేదు. ఆ తాడు ఎవరు పట్టుకుంటారన్నప్పుడు, ఆమెని బండి మీద దింపడానికి వచ్చి చప్టా చివర నిలబడి ఉన్న చక్రి కనిపించాడు. అతను వద్దు మొర్రో అన్నాడు. ఆడవాళ్ళు విన్లేదు. డిసెంబరంతా సాయంత్రాలు ఆటోనగర్ నుంచి వచ్చి, మసి ప్యాంటుతోనే, పదిహేనుమంది ఆడవాళ్ళ మధ్య పసుపుపచ్చ తాడు పట్టుకుని లోపలికీ బయటికీ తిరిగాడు. మొదటి వారంలో నాలుగుసార్లు చిక్కు వేశాడు. "అన్నయ్యా, లోపలికంటే నీకు ఎటువైపో ముందు చెప్పు" అని అమలమ్మ కర్రతో మోకాలి మీద ఒకటి ఇచ్చింది. మూడో వారానికి ఒక్క తప్పు లేదు. రేడియేటర్ల కొట్టులో కూడా అడుగులు వేస్తున్నాడని అతని స్నేహితులు వచ్చి చెప్పారట.

రిపోర్టు ఫోన్ వచ్చినప్పుడు శ్రీదుర్గ నాగాయలంక బృందానికి చీరలు చూపిస్తోంది. పదో రోజు అది. డాక్టరు గొంతు చిన్నది కదా, కొట్టులో రొద. రెండో చెవి మూసుకుని వింది. పొర మామూలుగానే ఉంది, భయపడాల్సిందేమీ లేదు, రక్తం కూడా పెరుగుతోంది, జనవరి ఆరుకి రండి. ఫోన్ పెట్టేసి, అంతసేపూ భుజం మీదే ఉన్న చిలకాకుపచ్చ చీరని కళ్ళకి అద్దుకుంది. నాగాయలంక వాళ్ళు అది ఏదో శుభం అనుకుని ఆ చీరే ఖాయం చేసుకున్నారు.

జనవరి ఆరున లోపలికి తీసుకెళ్ళేముందు డాక్టరుకి ఒక్కటే చెప్పింది. తీసింది బయటివాళ్ళకి కాదు, ముందు నాకు చూపించాలండీ. మెలకువ వచ్చాక డాక్టరు ఒక చిన్న సీసా తెచ్చి ఎదురుగా పెట్టింది. అందులో తెల్లగా, గులాబీ జీరతో, ముక్కలు ముక్కలుగా ఉన్నదంతా కలిపితే ఉసిరికాయంత. ఇంతేనా, అంది శ్రీదుర్గ. ఇంతదానికి ఆరేళ్ళు నిలబడి ప్రయాణం చేశానా, అని. పక్కనే ఉన్న చక్రి వంగి, సీసాని కాస్త తిప్పి, రెండువైపులా చూశాడు. ఆ సంగతి వెంకటరత్నమ్మకి ఫోన్‌లో చెప్పింది ముందుగా. మా ఆయన తల తిప్పుకోలేదు పిన్నీ, అని. అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు, ఆ తర్వాత, సరేలే, ముందు ఆ పొడికారం మాని పాలు తాగు, అని కసురుకోవడం.

అయినా అసలు పరీక్ష అప్పటికి కాలేదు. తర్వాత వచ్చే నెలసరి ఎలా ఉంటుందో చూడాలి. అది జనవరి ఇరవై నాలుగున వచ్చింది. మొదటి రోజు భయపడింది. రెండో రోజు లెక్కపెట్టుకుంది. మూడో రోజు తగ్గింది. నాలుగో రోజుకి ఆగిపోయింది. ఆగిపోయిందండీ, అని నాతో అన్నప్పుడు ఆమె రెండు చేతులూ విప్పి చూపించింది, వాటిల్లో ఏమీ లేనట్టుగా. ఇరవై ఏళ్ళప్పుడు ఎలా ఉండేదో అలా. డాక్టరు తర్వాత కూడా జాగ్రత్తే చెప్పింది. గోడలో రెండూ ఉన్నాయి, ఆరునెలలకోసారి చూపించుకోవాలి, అవసరం పడితే అప్పుడు కూర్చుని మళ్ళీ మాట్లాడుకుందాం అంది. అలాగేనండీ, ఈసారి నాకు అడగడం వచ్చు, అంది శ్రీదుర్గ.

ఆ శనివారం చప్టా దగ్గరికి పెద్ద మూట తీసుకొచ్చింది. విప్పితే పదహారు చీరలు. గంధం రంగు, సన్నటి ఎర్రంచు. ఒకే లాటు, ఎండలో ఒకటికి నాలుగుసార్లు చూసి తెచ్చింది. ఎవరైనా కాఫీ చుక్క వేస్తే పది గజాల దూరానికి కనపడే రంగు.

"ఇది మాత్రం కర్రలెత్తేదే," అంది.

పదహారు కర్రలు లేచాయి. కాదు, వెంకటరత్నమ్మ రెండూ ఎత్తింది. ఒకటి ఇప్పటిది, ఒకటి అప్పుడు దించినదానికి బదులంది.

గుడివాడలో వాళ్ళ వంతు ఉదయం పదకొండుకి వచ్చింది. తెల్లవారకముందే లేచి తలంటుకుని, వ్యానులో పాడుకుంటూ వెళ్ళారు. వాయిదా బిళ్ళ వేసుకోకుండా శ్రీదుర్గ ఆడుతున్న మొదటి ప్రోగ్రాం అది. ఎర్రటి ఎండలో గంధం రంగు చీరలు పదహారూ ఒక్కలా మెరిశాయి. మెరూన్ బ్యాచ్ అని మైకులో పిలిస్తే వేరేవాళ్ళు వచ్చారేంటని ముందు వరసలో ఎవరో అడిగారు. విజిలు మోగింది. జడ అల్లుకుంటూ దిగింది, చిన్నపిల్ల జడంత బిగువుగా. సగానికి వచ్చేసరికి, కొండపల్లిలో వెచ్చగా దిగినట్టయిన పాట దగ్గరే, ఆమె అడుగు తప్పకుండా దానికోసం కాచుకుంది. ఏమీ కాలేదు. చెమట మాత్రం కారింది, అది మామూలు చెమట. జనంలో నిలబడ్డ చక్రి పెదవులు కదుపుతూ లోపలికి, బయటికి అని లెక్కపెడుతున్నాడు. ఇరవై రెండో నిమిషానికి తాళ్ళు పదహారూ విడివిడిగా వేలాడాయి.

వాళ్ళకి మూడో బహుమతి వచ్చింది. మొదటి రెండూ ఎవరికొచ్చాయో అడిగితే శ్రీదుర్గకి గుర్తులేదు. వాళ్ళ చీరలు వేర్వేరు లాట్లవని మాత్రం గుర్తుంది.

ఆట ముగించి పక్కకి రాగానే ఎవరో తెల్ల ప్లాస్టిక్ కుర్చీ జరిపారు. శ్రీదుర్గ దానిలో కూలబడి, మజ్జిగ గ్లాసు అందుకుని, ఎంతసేపో కూర్చుంది. ఎదురుగా తర్వాతి బృందం తాళ్ళు సర్దుకుంటుంటే వాళ్ళ గురువుకి ఏదో చెప్పాలనిపించి, గ్లాసు కింద పెట్టి, చటుక్కున లేచి వెళ్ళిపోయింది. తువ్వాలు సంచిలోనే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. అమలమ్మే, తనకి అలవాటు లేని పనైనా, వంగి ఆ కుర్చీ చూసింది. తెల్లగా ఉంది. అందులో తను కూర్చుని, మిగిలిన మజ్జిగ తాగేసింది.